ఆ కొంగలు నిజంగా సైబీరియా నుంచి వచ్చాయా?

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర ఒక పల్లె. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. పోయిన ఏడాది జూన్ నుంచి ఇద్దరినీ బడి మాన్పించి ఇంటి దగ్గరే చదివిస్తున్నాం. తెలుగు, లెక్కలు బాగానే సాగుతున్నాయి. సైన్సు దగ్గరే నాకు టెన్షన్. నేను బీకాం చదివాను. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు నాకే సరిగా రావు. ప్రయోగాల కిట్ ఒకటి కొన్నాం, నాలుగు రోజులకే మూలపడింది. వీడియోలు పెడితే చూస్తారు, మర్నాటికి మర్చిపోతారు. మొన్న చలికాలంలో టెక్కలి దగ్గరి తేలినీలాపురం తీసుకెళ్తే బాబు, “ఈ కొంగలు నిజంగా సైబీరియా నుంచి వచ్చాయా? నీకెలా తెలుసు?” అని అడిగాడు. అందరూ అలాగే అంటారన్నాను. వాడు ఇంకేం మాట్లాడలేదు. నాకు చాలా సిగ్గేసింది. మా అత్తగారేమో, “బడి మాన్పించి కొంగల్ని చూపిస్తున్నారు” అంటున్నారు. ఏమీ తెలియని నేను వీళ్లకి సైన్సు ఎలా నేర్పాలి?
— ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్న మాట మీ బాబు అడిగిన “నీకెలా తెలుసు?” అన్నదే. తొమ్మిదేళ్ల పిల్లవాడు ఆ మాట అడిగాడంటే మీ ఇంట్లో సైన్సు అప్పుడే మొదలైంది. మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. “అందరూ అలాగే అంటారు” అన్నారు కదా, అది నిజమైన జవాబే. మీకు తెలిసింది ఎలా తెలిసిందో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. దానికి “మరి మనం ఎలా కనుక్కుందాం?” అన్న మాట ఒక్కటి కలిపితే చాలు.

ఆ ప్రశ్ననే ముందు తీసుకుందాం. తేలినీలాపురంలో చెట్ల మీద కనిపించేవి ముఖ్యంగా రెండు జాతులు. ముక్కు కింద సంచి ఉండే గూడబాతులు, అంటే పెలికాన్లు ఒకటి. పసుపు ముక్కుతో, తోక దగ్గర గులాబీ రంగుతో ఉండే రంగుల కొంగలు, పుస్తకాల్లో పెయింటెడ్ స్టార్క్ అని రాసేవి, రెండోది. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. ఊళ్లో అందరూ సైబీరియా పక్షులనే అంటారు. ఇప్పుడు మీ వాణ్ని ఒక్క విషయం గుర్తు చేసుకోమనండి. ఆ చెట్ల మీద అవి ఏం చేస్తున్నాయి? పుల్లలు తెచ్చి గూళ్లు కడుతున్నాయి, గుడ్లు పొదుగుతున్నాయి, పిల్లలకి చేపలు తెచ్చి పెడుతున్నాయి.

ఉత్తరాది చలి దేశాల నుంచి వలస వచ్చే పక్షులు ఆ పని ఇక్కడ చేయవు. అక్కడ ఎండాకాలంలో పురుగూ గింజా దండిగా దొరుకుతాయి, పగళ్లు చాలా పొడుగ్గా ఉంటాయి. పిల్లల్ని అక్కడే, అప్పుడే పెంచుకుంటాయి. మంచు కమ్మేసి తిండి దొరక్క ఇక్కడికి వస్తాయి, చలికాలమంతా తిని తిరిగి వెళ్తాయి. ఇక్కడ గూడు కట్టుకుని పిల్లల్ని చేసుకుంటోందంటే ఆ పక్షిది ఈ నేలే. తేలినీలాపురంలో కనిపించే గూడబాతులు భారతదేశం, శ్రీలంక, ఇంకా తూర్పున కంబోడియా లాంటి దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షులు. రంగుల కొంగలూ అంతే. సైబీరియాలో అవి ఉండవు. వానలకి చెరువులు నిండి చేపలు పెరిగే కాలం చూసుకుని, మన వైపే ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరుగుతాయి.

చూశారా, దీనికి బీఎస్సీ అక్కర్లేదు. మీ వాడు కళ్లతో చూసిన గూడే సగం జవాబు చెప్పింది. అలాగని ఊరివాళ్లు అబద్ధం చెప్పారని పిల్లలకి నేర్పకండి. వాళ్లు ఆ పక్షుల్ని ఇంటికి వచ్చిన అతిథుల్లా చూసుకుంటున్నారు కాబట్టే అవి ఇళ్ల మధ్య చింతచెట్ల మీద కూడా భయం లేకుండా ఉంటున్నాయి. ఎక్కడి నుంచి వచ్చాయన్న మాట ఒక్కటే పొరపాటు.

మరి నిజంగా దూరం నుంచి వచ్చే పక్షిని చూపించాలంటే టెక్కలి దాకా వెళ్లక్కర్లేదు. అక్టోబరు దాటాక మీ చెరువు గట్టు మీద, తడి మడుల్లో, పిచ్చుకంత పిట్ట ఒకటి తోక పైకీ కిందికీ ఊపుతూ పరిగెడుతుంది. జిట్టంగి అంటారు. పొట్ట పసుపుగా ఉంటే అది కచ్చితంగా వలస పిట్టే. ఆ జాతులు హిమాలయాల్లోనూ వాటికి ఉత్తరాన సైబీరియా దాకా ఉన్న నేలల్లోనూ గూళ్లు కడతాయి. ఏప్రిల్ తర్వాత మీ గట్టు మీద వెతికినా కనిపించదు. ఎప్పుడు మొదట కనిపించిందో, ఎప్పుడు ఆఖరుసారి కనిపించిందో మీ పిల్లలు తారీఖు వేసి రాసుకుంటే, ఆ కాగితానికి ఏ పుస్తకంలోనూ లేని విలువ ఉంటుంది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి వస్తాను. కిట్లు, వీడియోలు, దూర ప్రయాణాలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఇంటి నుంచి పది నిమిషాల నడకలో ఒక్క చోటు ఎంచుకోండి. చెరువు గట్టో, గెడ్డ ఒడ్డో, జీడితోట అంచో, ఏదైనా సరే. వారానికి ఒకే రోజు, ఒకే వేళకి, ఏడాది పొడుగునా అక్కడికే వెళ్లండి. ఇదే నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట. కొత్త చోటికి వెళ్తే పిల్లలు ఆశ్చర్యపోతారు, అంతే. తెలిసిన చోటికి మళ్లీ వెళ్తేనే, “పోయిన వారం ఇక్కడ నీళ్లున్నాయి కదా” అంటారు. ఆ “కదా” వినపడిన రోజు మీకు సగం భయం పోతుంది.

చేతిలో ఒక నోటు పుస్తకం, పెన్సిలు, స్కేలు, ఒక చిన్న భూతద్దం ఉంటే చాలు. పేజీ పైన తారీఖు, వేళ, ఆకాశం ఎలా ఉందో రాయించండి. తర్వాత చూసింది ఏదైనా ఒక్కటి బొమ్మ వేసి, దాని కింద ఒక ప్రశ్న రాయాలి. జవాబు రాయాల్సిన పని లేదు. పాప ఇంకా రాయలేకపోతే తను చెప్పింది మీరు రాయండి, కానీ తన మాటల్లోనే రాయండి. “ఎర్ర తోక పిట్ట చెట్టుని కొడుతోంది” అంటే అదే రాయండి. పేర్ల కోసం కంగారు పడకండి. మొదట వాళ్లు పెట్టిన పేరు రాసుకోండి. తర్వాత చెరువులో వల వేసేవాళ్లనో, పశువులు తోలుకెళ్లేవాళ్లనో అడిగితే ఊరి పేరు దొరుకుతుంది. పుస్తకంలోని పేరు మూడోది. మూడింటినీ పక్కపక్కన రాయించండి. ముందే పేరు చెప్పేస్తే చాలామంది పిల్లలు ఇక చూడటం ఆపేస్తారు. ఇది బళ్లో నేను ఎన్నోసార్లు చూశాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా సైన్సు టీచరుగా పనిచేశాను. ఒక జూన్ నెలలో ఆరో తరగతి అమ్మాయి స్టీలు గ్లాసులో కప్ప గుడ్లు తెచ్చింది. ఆ రోజు పాఠం లోహాలు, అలోహాలు. సిలబస్ వెనకబడిందని గ్లాసు బయట వరండాలో పెట్టి రమ్మన్నాను. మధ్యాహ్నానికి ఎండ తగిలి నీళ్లు వేడెక్కి అన్నీ పాడైపోయాయి. ఆ అమ్మాయి మళ్లీ ఎప్పుడూ ఏమీ తీసుకురాలేదు. ఆ గ్లాసు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. మీకు సిలబస్ గంట లేదు. పిల్ల గ్లాసు తెస్తే ఆ రోజంతా ఆ గ్లాసే పాఠం చేయగలరు. ఇంట్లో చదివించడంలో ఇంతకంటే పెద్ద లాభం నాకు కనపడదు.

ఇప్పుడు తొలకరి కాబట్టి మీరూ దానితోనే మొదలుపెట్టవచ్చు. వాన పడ్డ మర్నాడు మడుగుల్లో కప్ప గుడ్లు జిగురు ముద్దలాగో, నల్లపూసల దండలాగో ఉంటాయి. పదికి మించకుండా తోకకప్పల్ని, అదే మడుగు నీళ్లతో వెడల్పాటి టబ్బులో తెచ్చి నీడన పెట్టండి. ఉడికించిన తోటకూర ఆకు చిటికెడు వేస్తే తింటాయి. రెండు మూడు రోజులకి సగం నీళ్లు మార్చండి, కుళాయి నీళ్లు పోయకండి. ముందు కాళ్లు వస్తాయా, వెనక కాళ్లు వస్తాయా అని పిల్లలిద్దరి చేతా ముందే పందెం కట్టించండి. తోక ఏమైందని పాప తప్పకుండా అడుగుతుంది. రాలిపోలేదు, ఒంట్లోనే కరిగి కప్పకి తిండిగా మారింది. టబ్బులో ఒక రాయి పెట్టడం మర్చిపోవద్దు. కాళ్లు వచ్చాక అవి నీళ్లలోంచి పైకి ఎక్కకపోతే మునిగిపోతాయి. అన్నీ పెద్దవయ్యాక తెచ్చిన మడుగులోనే వదిలిరండి.

మీ అత్తగారి సంగతి. ఆవిడ మాటని నేను వేరేలా చదివాను. పిల్లల చదువులో తనకి చోటు లేదని ఆవిడకి అనిపిస్తోందేమో. నిజానికి మీ ఇంట్లో ప్రకృతి గురించి ఎక్కువ తెలిసింది ఆవిడకే. కార్తెలు చెప్పమని అడగండి. ఏడాదికి 27 కార్తెలు. 365ని 27తో భాగించమని బాబుకి ఇవ్వండి, ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు ఎందుకుంటుందో తేలుతుంది. మన పండగలు చాలావరకు చంద్రుణ్ని బట్టి ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతాయి. కార్తెలు సూర్యుణ్ని బట్టి నడుస్తాయి. అందుకే మృగశిర ఏటా జూన్ 8 ప్రాంతంలోనే వస్తుంది. రైతుకి కావలసింది కూడా అదే.

ఆరుద్ర కార్తెలో ఎర్ర మఖమల్ గుడ్డలా మెరిసే ఆరుద్ర పురుగు మెట్ట నేలల్లో తిరుగుతుంది. దాన్ని పాప అరచేతిలో పెట్టి కాళ్లు లెక్కపెట్టమనండి, ఏమీ చేయదు. ఎనిమిది వస్తాయి. చీమకి లెక్కపెడితే ఆరే. సాలీడుకి మళ్లీ ఎనిమిది. అప్పుడు ఆరుద్ర పురుగు ఎవరి చుట్టమో ఆరేళ్ల పిల్లే చెప్పేస్తుంది. తర్వాత దాన్ని నేల మీద వదిలేయమనండి. మట్టిలో చిన్న చిన్న పురుగుల్ని, వాటి గుడ్లని తిని పొలానికి మేలు చేసే జీవి అది.

మామ్మ చెప్పే సామెతల్ని కూడా నోటు పుస్తకంలోకి ఎక్కించండి. “చిత్త కురిస్తే చింతలు కాస్తాయి” అంటారు. నిజమేనా? చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో మొదలవుతుంది. మన జిల్లాకి అది తుఫాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి ఎలా నేలకూలాయో మీ ఇంట్లో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. సామెతని పరీక్షించాలంటే వాన కొలవాలి. అడుగు సమంగా, పక్కలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ బాటిల్ పై భాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టి, పక్కన స్కేలు అంటించి డాబా మీద ఉంచండి. పొద్దున్నే ఎన్ని మిల్లీమీటర్లు పడిందో రాసి నీళ్లు పారబోయాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. మీ డాబా 60 చదరపు మీటర్లయి, 20 మిల్లీమీటర్లు పడితే 1,200 లీటర్లు. ఎన్ని బిందెలో మామ్మనే లెక్క కట్టమనండి. చిత్తలో ఎంత కురిసిందో, వీధి చివర చింతచెట్టు ఎలా కాసిందో రెండు మూడేళ్లు పక్కపక్కన రాస్తే, సామెత నిలుస్తుందో లేదో మీ పిల్లలే చెప్పగలరు.

అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి మీకు దగ్గరే కదా. ఏటా రెండుసార్లు, మార్చి 9 ప్రాంతంలోనూ అక్టోబరు 2 ప్రాంతంలోనూ, ఉదయపు కిరణాలు స్వామి పాదాలని తాకుతాయి. మబ్బు లేకపోతే జనం బారులు తీరి చూస్తారు. రెండుసార్లే ఎందుకు? ఆ తారీఖులే ఎందుకు? దీనికి జవాబు మీ డాబా మీద ఉంది. పదిహేను రోజులకి ఒకసారి డాబా మీద ఒకే చోట నిలబడి, సూర్యుడు ఏ తాటిచెట్టు వెనక, ఏ ఇంటి మీదుగా పైకి వస్తున్నాడో గీసుకోమనండి. పొద్దు పొడిచే వేళ తప్ప తర్వాత సూర్యుడి వైపు నేరుగా చూడనివ్వకండి. డిసెంబరు 21 దాకా ఆ చోటు కుడివైపుకి, అంటే దక్షిణానికి జరుగుతుంది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి జూన్ 21 దాకా ఉత్తరానికి వెళ్తుంది. ఒకే దారిలో వెళ్లి వచ్చేవాడు మధ్యలో ఉన్న ప్రతి ఇంటి ముందు నుంచీ రెండుసార్లు వెళ్తాడు కదా, అలాగే. ఇప్పుడు బాబు చేత క్యాలెండర్ మీద లెక్కపెట్టించండి. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి 80 రోజులు. డిసెంబరు 21 నుంచి మార్చి 9కి 78 రోజులు. దాదాపు సమానం! గుడి కట్టినవాళ్లు ఆకాశాన్ని ఎన్నేళ్లు ఎంత ఓపిగ్గా చూసి ఉంటారో అప్పుడు వాడికి తెలుస్తుంది. నాకైతే ఈ లెక్క పూర్తయ్యాక స్వామి దర్శనం ఇంకా బాగా అనిపించింది.

ఇలాంటిదే ఇంకొకటి. మన శ్రీకాకుళంలో మే 13, జులై 30 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం నిటారుగా పాతిన కర్రకి నీడ ఉండదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. జులైలో మబ్బులు అడ్డొచ్చే మాట నిజమే, కానీ పన్నెండు గంటల ప్రాంతంలో ఒక్క నిమిషం ఎండ కాస్తే చాలు. ఆ వారం రోజులూ కర్ర పాతి ఉంచండి.

బయటికి వెళ్లాలనుకుంటే మూడు నాలుగు నెలలకి ఒకసారి చాలు. కళింగపట్నం వెళ్తే పాత స్పీకరు అయస్కాంతం ఒకటి పాలిథిన్ కవరులో చుట్టి తీసుకెళ్లండి. ఇసుకలో దొర్లిస్తే నల్ల రేణువులు అంటుకుంటాయి. అవి ఇనుము ఉన్న ఖనిజాలు. భూతద్దంలో చూస్తే గులాబీ, ఎరుపు రంగు గింజలు కూడా కనిపిస్తాయి. అవి గార్నెట్. మన తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి ఉంది. ఆ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఆ రాతిలో ఎర్ర చుక్కలుగా ఉండేది ఈ గార్నెటే. కొండ రాయి ఎండకి వానకి చితికి, వంశధార లాంటి నదుల్లో కొట్టుకొచ్చి, అలలకి జల్లెడ పట్టినట్టు విడిపోయి అక్కడ చేరింది. గుప్పెడు ఇసుక సీసాలో తెచ్చుకుంటే నెల రోజులు మాట్లాడుకోవచ్చు. స్నానానికి మాత్రం దిగనివ్వకండి, నది సముద్రంలో కలిసే చోట లాగుడు ఎక్కువ.

పొందూరు పక్కనే ఉంది. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వే ఆడవాళ్లని ఒక పూట చూడనివ్వండి. ఆ దవడ మీద సన్నని పళ్లు ఎన్నో ఉంటాయి. చేపకి ఆ పళ్లు ఎందుకు, మనిషికి ఆ పళ్లతో దువ్వాలన్న ఆలోచన ఎలా వచ్చింది అని అడిగి ఊరుకోండి. జవాబు వాళ్లే వెతుక్కుంటారు.

భయాల గురించి రెండు మాటలు. వానాకాలంలో గెడ్డ దగ్గరికి పెద్దవాళ్లు లేకుండా పంపకండి. గట్టు మీద బూట్లు వేసుకోవాలి, ముందు కర్రతో తట్టుకుంటూ నడవాలి, పుట్టల్లో, రాళ్ల సందుల్లో చేతులు పెట్టకూడదు. మన వైపు రక్తపింజరి, కట్లపాము, నాగుపాము మూడూ ఉన్నాయి. కాటు పడితే కట్టు బిగించడాలు, కోయడాలు, మంత్రాలు వద్దు, కాలు కదపనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జీడిగింజ పచ్చి తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, పిల్లల్ని ఒలవనివ్వకండి. గూళ్లున్న చెట్ల కింద అరుపులు, రాళ్లు వద్దు. పరీక్షల దిగులు ఉంటే, పద్నాలుగేళ్లు నిండాక సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి రాయవచ్చు. అందుకు ఇంకా అయిదేళ్లు టైముంది.

రోజూ ఇవన్నీ చేయాలని పెట్టుకోకండి. వారానికి ఒక అరగంట గట్టు మీద, డాబా మీద ఒక బాటిల్, ఇంతే చాలు. కొన్ని వారాలు ఏమీ జరగదు. “నీళ్లు అలాగే ఉన్నాయి, కొంగలు లేవు” అని రాసుకుని వచ్చేయండి. అది కూడా రాయడం ముఖ్యం, ఎందుకంటే జిట్టంగి ఎప్పుడు వచ్చిందో తెలియాలంటే అంతకుముందు వారం అది లేదని తెలిసి ఉండాలి.

సెప్టెంబరు ఆఖరున మళ్లీ తేలినీలాపురం వెళ్లండి. ఈసారి అత్తగారిని కూడా తీసుకెళ్లండి. అక్కడ బాబుని ఒక్క చెట్టు ఎంచుకుని, ఏ పక్షి పుల్ల తెస్తోంది, ఏది గూటి దగ్గర కాపలా ఉంటోంది, గంటలో ఎన్నిసార్లు అన్నది లెక్క రాయమనండి. డిసెంబరులో అదే చెట్టు దగ్గరికి ఇంకోసారి వెళ్తే గూళ్లలో పిల్లలు కనిపిస్తాయి. వాడు రాసుకున్న ప్రశ్నలు నాకు పంపండి. పాప ఆరుద్ర పురుగు కాళ్లు లెక్కపెట్టిందో లేదో కూడా రాయండి.